మీవాళ్ళు

"ఒక్కసారి కళ్ళు మూసుకోండి," అన్నాడు పౌడర్ బాబాయి.

కుర్చీలోని మీసాలాయన కళ్ళు మూసుకున్నాడు గానీ నోరు మూసుకోలేదు. సైన్యంలో పెద్ద హోదాలో చేసి దిగిపోయిన మనిషి. సరిహద్దు మాట ఎత్తితే చాలు, ఆ టీవీ ఛానల్‌వాళ్ళకి ఆయనే గుర్తొస్తాడు. పక్క కుర్చీలో ప్రతిపక్షం తరఫున మాట్లాడే లావుపాటాయన తన వంతు కోసం కూర్చున్నాడు. ఇంకాసేపట్లో దీపాల కింద ఒకరినొకరు దేశద్రోహి అనీ దద్దమ్మ అనీ తిట్టుకోబోయే ఈ ఇద్దరూ ఇప్పుడు మోకాళ్ళ నొప్పికి ఏ మందు పనిచేస్తుందో చెప్పుకుంటున్నారు. నిన్న పొద్దున సరిహద్దు దగ్గర ఒక ఊళ్ళో బస్టాండులో బాంబు పేలింది. చచ్చిపోయినవాళ్ళ చెప్పులు ఇంకా అక్కడే పడున్నాయి. గోడమీది టీవీలో పొద్దుట్నుంచీ అవే చూపిస్తున్నారు. మీసాలాయన కళ్ళు తెరిచి ఆ చెప్పుల్ని అద్దంలో చూస్తూనే, "కాస్త కళ్ళ కింద నల్లగా ఉంది, చూడవయ్యా," అన్నాడు.

బాబాయి చూశాడు. స్పాంజితో కళ్ళ కింద రంగు అద్ది, వేలి చివరతో అంచులు కలిపేశాడు. తర్వాత మీసం. అసలు కష్టం అది. ఆయన మీసానికి వేసుకునే నల్లరంగు దీపాల వేడికి చెమటతో కలిసి పెదవిమీదికి దిగిపోతుంది. విరామం వచ్చినప్పుడల్లా బాబాయి పరుగెత్తుకెళ్ళి దాని అంచు వెంట పౌడర్ అద్ది రావాలి. దేశం సరిహద్దు ఆయన కాపాడితే ఆయన మీసం సరిహద్దు నేను కాపాడుతున్నానని ఇంట్లో కూతురితో చెప్పి నవ్వించేవాడు. ఈమధ్య ఆ పిల్ల నవ్వడం మానేసింది.

బాబాయి మీసాలాయన మెడచుట్టూ కప్పిన తువ్వాలు తీసి దులిపాడు. అంచుకి మీసం రంగు కొంచెం అంటుకుంది. మిగతా మేకప్‌వాళ్ళు కాగితాలు వాడి పారేస్తారు. బాబాయికి తువ్వాలే ఉండాలి. తెల్లటి నూలుగుడ్డ, చుట్టూ ఎర్రదారంతో మడతకుట్టు. ఇంట్లో మిషను కుట్టే భార్య ఒకప్పుడు గుడ్డ తాను ఒకటి తెచ్చి, ముక్కలు చేసి కుట్టి ఇచ్చింది. "తెల్లగుడ్డకి ఎర్రదారం ఏమిటే?" అంటే, "తెల్లదారం వేస్తే నా పని నీ కంటికి ఆనుతుందా?" అంది. మిగిలినవన్నీ చిరిగిపోయాయి, ఇదొక్కటే ఉంది. పని లేనప్పుడు అది అతని భుజం దిగదు. ఇంటికెళ్ళి తనే ఉతుక్కుంటాడు, కూతురి చేతికి కూడా ఇవ్వడు.

పొడుగ్గా, సన్నగా ఉంటాడు. కూర్చున్నవాళ్ళ మీదికి వంగీ వంగీ నడుం అలాగే ఉండిపోయింది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ చర్మంరంగు పూత. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది గానీ ఈ మేడలో దానితో ఎవరికీ పని పడలేదు. ఆ పేరు వింటే అతని మతం ఏదో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. పౌడర్ బాబాయి అంటే తెలియదు. అందుకే ఆ ముద్దుపేరంటే అతనికి ఇష్టం. ఇష్టపడుతున్నందుకు లోలోపల సిగ్గు కూడా.

ఆ పేరు పెట్టింది యాంకరమ్మాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మైకు పట్టుకుంటే చేతులు వణికిపోయేవి. అప్పట్నుంచీ ఆ మొహం బాబాయి చేతిలోనే పెరిగింది. "బాబాయ్, ఏదో ఒకటి చెయ్యి, నేను మరీ పిల్లలా కనిపిస్తున్నాను," అని బతిమాలేది. నువ్వు అనే పిలిచేది, ఇప్పటికీ అంతే. సొంత కూతురు అనే నువ్వుకీ ఈ నువ్వుకీ అతనికి తేడా తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే సంతలో బాంబు పేలింది. దారపు రీళ్ళు కొనుక్కొస్తానని వెళ్ళిన బాబాయి భార్య తిరిగి రాలేదు. ఆస్పత్రి నడవలో గోడకి ఆనుకుని కూలబడి ఉన్నప్పుడు ఎదురుగా టీవీలో ఈ అమ్మాయే కనిపించింది. సంతలో నిలబడి, మేకప్ లేని మొహంతో, ఏడుపు ఆపుకుంటూ, "మనవాళ్ళని పొట్టన పెట్టుకున్నారు," అంది. మనవాళ్ళు. ఆ ఒక్క మాట పట్టుకుని బాబాయి ఆ రోజు లేచి నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ పనిలోకి రాగలిగాడంటే ఆ మాట పుణ్యమే. తన మనిషి అందరి మనిషి అయిందనుకున్నాడు పిచ్చిమారాజు.

జేబులో ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, కింద వాచ్‌మన్ వచ్చి మన గుర్తింపు కార్డులు అడిగాడు."

"అడిగితే చూపించమ్మా. దానికేం?"

"మేడంతటిలో మన ఒక్క ఇంటికే వచ్చాడు నాన్నా. పైవాళ్ళనీ కిందవాళ్ళనీ అడగలేదు. ఎందుకని అడిగితే పాపం అతనే తలొంచుకున్నాడు. మన మేడ సంఘంవాళ్ళు చెప్పారట."

లావుపాటాయన గొంతు సవరించుకుని, "ఏమయ్యా, మా సంగతేమన్నా చూస్తావా?" అన్నాడు. బాబాయి ఫోను పెట్టేసి, తువ్వాలు ఆయన మెడకి చుట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. కళ్ళు మూసుకున్న లావుపాటాయన మీసాలాయనతో, "ఇవాళ సరిహద్దు కంచె సంగతి మీరు ముందు ఎత్తుకోండి. వాళ్ళ వీధుల్లో సోదాలు వద్దని నేను లేస్తాను. అప్పుడు మీరు నన్ను తిట్టండి, బావుంటుంది," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళంటే బాబాయి మతంవాళ్ళు. అద్దంలో వాళ్ళిద్దరి వెనకా తన మొహం కూడా కనిపిస్తోంది. అటు ఒక్కడూ చూడలేదు. అతనికి ఒళ్ళు మండింది. చెయ్యి మాత్రం మెత్తగానే కదిలింది, అలవాటైపోయిన చెయ్యి.

వాళ్ళిద్దరూ వెళ్ళాక యాంకరమ్మాయి విసవిసా వచ్చి కుర్చీలో కూలబడింది. వెనకే కార్యక్రమం నడిపే ప్రొడ్యూసర్, చెవికి ఫోను.

"మాస్టారు రానంటున్నాడు!" అన్నాడు అతను.

మాస్టారంటే బడిపంతులుగా చేసి మానేసిన ముసలాయన. బాబాయి మతంవాళ్ళ తరఫున కూర్చోబెట్టడానికి ప్రతిసారీ ఆయన్నే పిలుస్తారు. నాలుగువైపుల నుంచీ అరుస్తుంటే ఆయన చేతులు జోడించి, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం," అంటూ ఉంటాడు. ఆ నిమిషం ఆయనకి ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. ఆయన మాత్రం ఎన్నాళ్ళు పడతాడు?

"కళ్ళు మూసుకోమ్మా," అన్నాడు బాబాయి.

ఆమె కళ్ళు మూసుకుంది. రెప్పలమీద కుంచె ఆనించాడు.

"బాబాయ్, మీరు కూర్చోండి," అంది ఆమె.

మీరు. కుంచె ఆగిపోయింది.

"నేనా? ఎక్కడమ్మా?"

"మాస్టారి కుర్చీలో. ఎక్కువేం వద్దు, ఖండిస్తున్నానని రెండు ముక్కలు. మీవాళ్ళు ఒకరు మాట్లాడకపోతే చర్చ ఎలా అవుతుంది?"

"నేను ఖండించడమేమిటమ్మా? పేల్చింది నేనా?"

"అబ్బా, అలా కాదు. మీవాళ్ళు చేసినదానికి మీ ఇంట్లోనే ప్రాణం పోయింది కదా. అది చెప్పండి. జనం కరిగిపోతారు."

ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. అంత మాట అనేసి, రెప్ప కూడా కదలకుండా, రంగు వెయ్యమని మొహం పైకెత్తి కూర్చుంది. మర్యాదకి అన్న మీరు కాదది. ఇన్నేళ్ళూ నువ్వు అన్న నోరు ఇవాళ అతన్ని పట్టుకెళ్ళి ఆ బాంబు పెట్టినవాళ్ళ పక్కన నిలబెట్టి, అందరినీ కలిపి మీరు అంది. అతని భార్యని చంపినవాళ్ళు అతని వాళ్ళట! బాబాయికి ఆ కుంచె విసిరికొట్టాలనిపించింది. కంటికి తగులుతుందేమోనని వెనక్కి తీశాడు.

ప్రొడ్యూసర్ దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యి వేశాడు. "కాదనకండి బాబాయ్. అసలే పైవాళ్ళు ఇలాంటి టైములో లోపల ఎవరెవరున్నారని అడుగుతున్నారు. మీరు నాలుగు మంచి మాటలు చెప్తే నేను మీకోసం మాట్లాడగలను. లేదంటే రేపట్నుంచి నా చేతిలో ఉండదు."

ఇదీ సంగతి. కూర్చుంటే ఉద్యోగం ఉంటుంది, కూర్చోకపోతే ఊడుతుంది. ఈ వయసులో ఈ చేతులకి వేరే పని ఎవరిస్తారు? కూతురి చదువు ఇంకా పూర్తి కాలేదు. బాబాయి ఆమె రెండో రెప్ప కూడా పూర్తిచేశాడు. పెదవులు దిద్దాడు. నుదుటిమీద ఒకసారి పౌడర్ అద్దాడు. అప్పుడు, "పదండి," అన్నాడు.

ఆ హాల్లో అతను ఎప్పుడూ నడుం వంచి, కెమెరాకి అడ్డం రాకుండా దొంగలా తిరిగేవాడు. ఇవాళ నిటారుగా వెళ్ళి మాస్టారి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కాకి మైకు తగిలించారు. దీపాలు వేశారు. "బాబాయ్, మొహం మెరుస్తోంది, కాస్త పౌడర్!" అని కెమెరా దగ్గర ఎవరో నవ్వారు. బాబాయి కూడా నవ్వుతూనే మెడకి తువ్వాలు చుట్టుకుని తన మొహానికి తనే అద్దుకున్నాడు. అద్దుకుని, తువ్వాలు తీసి కుర్చీ చేతిమీద వేసి, ఎదురుగా ఉన్న చిన్న తెరలో ఎలా ఉన్నానా అని చూసుకున్నాడు.

తెరలో అతని మొహం కింద ఎర్రటి పట్టీ. దానిమీద పౌడర్ బాబాయి అని లేదు, మేకప్‌మేన్ అని లేదు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఉంది, దాని కింద "ఆ వర్గం ప్రతినిధి" అని ఉంది. ఇంట్లో ఏ కూర వండాలో కూడా కూతుర్ని అడిగి వండే మనిషి, ఎవరికి ప్రతినిధి? ఇన్నేళ్ళుగా ఈ మేడలో ఎవరికీ అక్కర్లేని ఆ పేరు, ఇవాళ ఉరితాడు బిగించడానికి మెడ కావలసి వచ్చి, వెతికి పట్టుకున్నారు.

ఎదురుగా మీసాలాయన కాగితాలు సర్దుకుంటున్నాడు. ఇంతకుముందు తన మీసం దిద్దిన మనిషేనని గుర్తుపట్టాడో లేదో, కనుబొమలు ముడిచి చూశాడు.

"అమ్మా," అన్నాడు బాబాయి.

యాంకరమ్మాయి తలెత్తింది.

"మీ పిన్ని పోయిన రోజున టీవీలో నువ్వే అన్నావు, మనవాళ్ళని పొట్టన పెట్టుకున్నారని. నేను విన్నాను. చచ్చిపోతే మనవాళ్ళూ, బతికుంటే మీవాళ్ళూనా అమ్మా?"

ఆమె నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆ పాత పిల్ల మొహం కనిపించింది. ఇంతలో మొదలుపెడుతున్నామని చెవిలో ఎవరో చెప్పినట్టున్నారు, చటుక్కున కెమెరా వైపు తిరిగి మొహం సర్దుకుంది.

బాబాయి మైకు ఊడదీసి కుర్చీలో పెట్టాడు. అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. మేకప్ గదిలోకి కూడా వెళ్ళకుండా మెట్లు దిగి వీధిలోకి వచ్చేశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి, "ఏంటి బాబాయ్, అప్పుడే?" అంటే, "అవునయ్యా, అయిపోయింది," అన్నాడు.

బస్సు స్టాపు దాకా వచ్చి, టీ కొట్టు బల్లమీద కూర్చుని టీ చెప్పాడు. కొట్టులో టీవీ మోగుతోంది, అదే ఛానల్. నలుగురు నిలబడి చూస్తున్నారు. తెరలో సగం మేర ఖాళీ కుర్చీ. దాని కింద ఎర్రటి పట్టీమీద "ఖండించడానికి నిరాకరణ!" అని. "ఈ ఖాళీ కుర్చీయే వాళ్ళ జవాబు!" అంటోంది యాంకరమ్మాయి, బాబాయి దిద్దిన పెదవులతో. రెండో సగంలో మీసాలాయన కంచె గురించి బల్ల గుద్దుతున్నాడు. విరామం అయిపోయినట్టుంది, అద్దడానికి ఎవరూ వెళ్ళినట్టు లేదు. మీసం ఒకవైపు కరిగి నల్లటి చార గడ్డందాకా దిగింది. ఆయనకి తెలియదు, ఆవేశంలో తుడుచుకుని బుగ్గకంతా పూసుకున్నాడు.

పక్కనున్న మనిషి బాబాయి వైపు వంగాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. బల్లమీద చోటిచ్చింది కూడా అతనే. "చూశారా సార్? మనం ఇంత మంచిగా అడుగుతున్నామా, వాళ్ళలో ఒక్కడైనా వచ్చి మాట్లాడతాడా?"

మనం. పేరు తెలియకపోతే ఎంత సులువుగా ఇచ్చేస్తారో ఆ మాట. తలూపితే చాలు, బస్సు వచ్చేదాకా హాయిగా ఆ మాటలో కూర్చోవచ్చు. ఇన్నేళ్ళూ అలాగే కదా కూర్చున్నాడు.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. అతని కళ్ళలోకి చూస్తూ, అమ్మానాన్నా పెట్టిన పేరు చెప్పాడు. తడబడకుండా, పూర్తిగా, ఇంటిపేరుతో సహా.

ఆ మనిషి తన గ్లాసు తీసుకుని లేచి, అవతలి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. లేస్తూ అలవాటుగా భుజం తడుముకున్నాడు బాబాయి. భుజం ఖాళీగా ఉంది. టీవీ వైపు చూశాడు. కెమెరా ఆ కుర్చీకి మరీ దగ్గరగా వెళ్ళింది, దేశమంతా చూడాలని. దాని చేతిమీద, ఎర్రదారపు కుట్టుతో, అంచున మీసం రంగు మరకతో, ఆ తెల్ల తువ్వాలు వేలాడుతోంది.