నొచ్చుకునే రక్తపిశాచి

కళ్ళజోళ్ళ షాపాయన భార్య ఒక వారపత్రికకి కార్టూన్లు వేస్తుంది. ఈ మధ్య సినిమాల్లో దయ్యాలు భయపెట్టడం మానేసి బాధపడటం మొదలెట్టాయని ఆమెకి ఒళ్ళుమంట. తోడేలు మనిషిని చిన్నప్పుడు ఎవరూ ముద్దు చెయ్యలేదట, కట్లు కట్టిన శవానికి ఒంటరితనమట. ఆ ఒళ్ళుమంటలోంచే 'నొచ్చుకునే రక్తపిశాచి' పుట్టాడు. వారానికి నాలుగు గళ్ళు. కోరలున్నా కొరకడు. మెడ దాకా వంగి, "నిద్ర పాడుచేస్తానేమో" అని నిట్టూర్చి వెనక్కి పోతాడు. పోయి, తనెలా ఉన్నాడో ఎవరూ అడగలేదని శవపేటికలో మూతి ముడుచుకుని కూర్చుంటాడు.

మొదట్లో అందరికన్నా ఎక్కువ నవ్వింది షాపాయనే. షాపు గోడకి ఒకటి అంటించాడు కూడా.

ఒక వారం కార్టూన్‌లో దయ్యాలన్నీ విందుకి కూర్చున్నాయి. సీసాలో రక్తం అడుగంటింది. రక్తపిశాచి సీసాని పక్కవాడి ముందుకి జరిపి, "నాకేం ఫర్వాలేదు, మీరంతా తాగెయ్యండి. నాకలవాటే" అన్నాడు. పగలబడి నవ్వబోయిన షాపాయన నోరు సగంలో ఆగిపోయింది. మొన్న భోజనాల దగ్గర చివరి గరిటెడు కూర చూసి తనన్న మాటే అది. 'తినెయ్యండి' కాస్తా 'తాగెయ్యండి' అయింది, అంతే తేడా.

పాత సంచికలు తిరగేశాడు. "చెబితే మాత్రం ఎవరు వింటార్లే", అదీ తనదే. కోటు వేసుకునే ముందు దాని భుజాలు రెండుసార్లు దులపడం, అదీ తనదే.

భార్య దగ్గరికెళ్ళి అడిగాడు. "ఆ పిశాచం నేనేనా?"

ఆమె రబ్బరుతో గీత చెరుపుతూనే, "నువ్వు కొంచెమే. మిగతాదంతా సినిమాలే" అంది.

"ఇంక నన్ను వాడకు. కనీసం నా నిట్టూర్పులైనా నాకు మిగలనీ."

"సరే."

పై వారం మూడో గడిలో రక్తపిశాచి పేటిక మూత ఎత్తి, "కనీసం నా నిట్టూర్పులైనా నాకు మిగలనీ" అంటున్నాడు.

ఆ రోజునుంచి అతను ఇంట్లో నోటికి తాళం వేశాడు. కూర ఉప్పు కషాయమైనా తిన్నాడు. జలుబు చేస్తే తుమ్ముని కూడా స్నానాల గదిలోకి తీసుకుపోయి తుమ్మాడు. సొంతింట్లోనే గీతలు తొక్కకుండా నడుస్తున్నట్టుండేది. అతని మౌనం ఫలితం ఆ వారమే అచ్చయింది: నాలుగు గళ్ళలోనూ ఒక్క మాటైనా లేకుండా, గోడకేసి చూస్తూ కూర్చున్న పిశాచం. పత్రికాఫీసులో ఫోన్లు మోగిపోయాయట. సంపాదకుడు పనిగట్టుకుని షాపుకొచ్చి, "ఆ మౌనం ఉంది చూశారూ, అద్భుతం. అలాగే కానివ్వండి" అని భుజం తట్టి వెళ్ళాడు.

మాట్లాడితే ఒక గడి, మాట్లాడకపోతే నాలుగు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక లాభం లేక, రెండ్రోజులుండొద్దామని అక్క ఇంటికి పోయాడు. అక్క తలుపు తీస్తూనే, "అలిగొచ్చావా? అయితే ఇదీ కార్టూన్లో వస్తుందన్నమాట" అని గబగబా జుట్టు సరిచేసుకుంది.

మర్నాడే తిరిగొచ్చి భార్య బల్లకి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"వాణ్ణి చంపెయ్."

"చచ్చినవాణ్ణి మళ్ళీ ఎలా చంపను?" అంది. తర్వాత పెన్సిల్ పక్కన పెట్టింది. "వేరే బొమ్మ వేసి మూడుసార్లు పంపాను. తిప్పి పంపారు. పిశాచమే కావాలట. పొద్దున్నుంచీ ఈ గదిలోనే పడుంటాను. నా చెవిన పడే మనిషి గొంతు నీదొక్కటే. నిన్ను కాకపోతే ఎవర్ని వాడను?"

ఈ సంగతి అతనికి తెలీదు. ఆమెకి నొచ్చుకుంటూ చెప్పే అలవాటు లేదు మరి.

"రేపట్నించి మధ్యాహ్నాలు షాపులో కూర్చో" అన్నాడు.

కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని అద్దం ముందు నిలబడిన మనిషి ఏమైనా మాట్లాడతాడు. "ఇందులో ముసలాడిలా ఉన్నానా? నిజం చెప్పండి. పోన్లెండి, చెప్పకండి" అన్నాడొకాయన. ఆ వారం రక్తపిశాచి కొత్త కళ్ళజోడు పెట్టుకుని అచ్చం ఆ మాటే అన్నాడు. రక్తపిశాచులు అద్దంలో కనబడరు కదా, అందులో కళ్ళజోడు తప్ప ఇంకేం లేదు.

షాపాయనకి ఊపిరాడింది. ఆ పూట పప్పులో ఉప్పు చాల్లేదని పైకే అన్నాడు. తరువాతి వారమూ రక్తపిశాచి ఇంకెవరిదో గొంతు తెచ్చుకున్నాడు.

ఆ ఆదివారం వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"ఏరా, ఒంట్లో బాగుందా?"

"బానే ఉంది. ఏమ్మా?"

"రెండు వారాలుగా చూస్తున్నా, ఆ పిశాచం నీలా మాట్లాడట్లేదు. నువ్వెటూ ఫోన్ చేసి చెప్పవు. తిన్నావో, అలిగావో అందులో చూసే తెలుసుకునేదాన్ని. ఇప్పుడదీ లేకపోయె."

అతను మోకాలి సంగతి ఎత్తాడు, మెట్లెక్కేటప్పుడు పట్టేస్తోందని. అక్కణ్ణించి షాపులో ఒంటరిగా కూర్చునే పొద్దుటి పూటల గురించి, ఈ మధ్య ఎవరు నవ్వినా తననే అనిపించడం గురించి. ఆవిడ మధ్యమధ్య ఊఁ కొడుతోంది.

పక్క గదిలో కాగితం మీద గరగరలాడుతున్న పెన్సిల్ ఆగిపోయింది.

అతను ఆ తలుపుకి వీపు తిప్పి, ఫోన్ చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆగావేం? చెప్పు నాన్నా" అంది అమ్మ.

గొంతు తగ్గించి చెప్పడం సాగించాడు.