ఇస్త్రీపెట్టె కింద డబ్బు

మా ఆవిడ కుట్టుమిషను బల్ల మీది గుడ్డలన్నీ పక్కకి తీయించి, బావమరిది డబ్బు కుప్పలు పెట్టాడు. వాడు బస్సు కండక్టరు. నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ సందున పెట్టుకునే అలవాటు ఇంట్లో కూడా పోలేదు. లెక్క కాగితం మీద రాయడు. కుప్ప పెట్టి దాని పేరు చెబుతాడు, అంతే.

"ఇది అక్కకీ నాకూ పోను రాను టికెట్లకి." ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద కత్తెర పెట్టాడు. "ఇది గదికి. ఇది అక్కడ తిరగడానికి. ఇది తిండికి." వాటి మీద దారపు ఉండలు పెట్టాడు.

మిగిలిన కుప్పే అన్నిటికంటే లావు. దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టాడు. పేరు మాత్రం చెప్పలేదు.

మా అత్తగారు పరాయి దేశంలో ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలావిణ్ణి చూసుకునే పనికి వెళ్ళింది. ప్రతి ఆదివారం ఫోను చేసేది. నేను కోతమిల్లులో రంపం దగ్గర పని చేస్తాను కాబట్టి ఆవిడ మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "అల్లుడుగారి వేళ్ళు పదీ ఉన్నాయా?"

ఎండలు ముదిరాక ఆ ఫోను ఆగిపోయింది. ఆవిడ నంబరు స్విచ్చాఫ్. ఆ ఇంటి నంబరుకి చేస్తే ఎవరో ఎత్తి, మా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. ఆవిణ్ణి పంపిన ఆఫీసుకి తాళం పడింది. తిరగ్గా తిరగ్గా అక్కాతమ్ముళ్ళిద్దరికీ అక్కడ వారం రోజులు ఉండడానికి అనుమతి దొరికింది. ఆ వారంలోనే ఇల్లు పట్టుకోవాలి, మనిషిని తెచ్చుకోవాలి.

"అమ్మ టికెట్టేదిరా?" అంది మా ఆవిడ.

"అక్కడ కొందాం."

"అప్పటికప్పుడు కొంటే రెట్టింపు పైనేనంట. ఇక్కడే కలిపి తీసుకుంటే తక్కువంట."

"మనిషి ఎక్కకముందు టికెట్టు కొట్టకూడదక్కా. నా సర్వీసులో ఎప్పుడూ కొట్టలేదు. ఎక్కాకే ఇస్తాను, టికెట్టు మీద ఎక్కిన స్టేజీ అంకె దగ్గర గోటితో చించి ఇస్తాను."

"ఆవిడేమన్నా నీ బస్సు ప్యాసింజరా? నిన్ను మోసిన బస్సురా ఆవిడ!"

నేను నవ్వబోయాను. వాడు నవ్వలేదు. వాడి చూపు ఇస్త్రీపెట్టె మీదే ఉంది.

"మరి దాని కిందిది దేనికి?"

"ఇతర ఖర్చులకి."

"అంటే?"

"అంటే ఇతర ఖర్చులే. బావా, నువ్వన్నా చెప్పు."

నేను లేచి ఫ్యాను తగ్గించాను. ఆ కుప్ప దేనికో నాకు అర్థమైంది. మిల్లులో రంపం చప్పుడు మారితే నా అరచేతులు చల్లబడతాయి. అప్పుడూ అలాగే చల్లబడ్డాయి.

మా ఆవిడ తిండి కుప్పలోంచి కొంత తీసింది, బ్రెడ్డుతో గడుపుకుందాం అంది. గది కుప్పలోంచి కొంత తీసింది. అయినా ఇంకో టికెట్టుకి చాలలేదు. ఇస్త్రీపెట్టె జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో ఆ పూట నాకు తట్టలేదు.

మర్నాడు ముగ్గురం టికెట్ల ఆఫీసుకి వెళ్ళాం. అద్దాల తలుపు, బల్ల మీద బొమ్మ విమానం. టై కట్టుకున్న మనిషి బావమరిదిని చూడగానే లేచాడు.

"రండి సార్, మీరడిగింది కనుక్కున్నాను. పెట్టె వాళ్ళే ఇస్తారు. చార్జీ బరువును బట్టి. ఆస్పత్రి మార్చురీ కాగితాలకి వేరే..."

వెనకాల ఉన్న మా ఆవిణ్ణి అప్పుడు చూశాడు. ఆగిపోయాడు.

బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. నేను బొమ్మ విమానం వైపు తిరిగాను. దాని రెక్క ఒకటి విరిగితే జిగురుతో అతికించారు.

మా ఆవిడ మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మరిచి వచ్చింది. దాని రెండు కొసలూ పట్టుకుని కిందికి లాగింది.

"ఎంత చెప్పాడు నీకు?" అని తమ్ముణ్ణి అడిగింది.

వాడు నేల చూస్తూ చెప్పాడు.

"ఎక్కువ. పక్క వీధి ఆఫీసులో నాకు ఇంకా తక్కువే చెప్పారు."

వాడు తలెత్తాడు. "నువ్వెప్పుడడిగావక్కా?"

"నీకంటే ముందే. పెద్దదాన్ని కదా."

ఇద్దరూ కాసేపు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత చూసుకోలేదు.

మా ఆవిడ సంచీలోంచి అత్తగారి పాస్‌పోర్టు జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది. టై మనిషి అది చూసి గొంతు సవరించుకున్నాడు. "తీసుకుంటే తీసుకోండి మేడమ్. కానీ ఒకవేళ ఆవిడ విమానం ఎక్కకపోతే ఈ డబ్బు వెనక్కి రాదు. ముందే చెబుతున్నాను."

ఆ డబ్బు టికెట్టుకి పెడితే ఆ పెట్టెకి ఉండదు. రెండిటికీ చాలినంత మా ముగ్గురి దగ్గరా లేదు. మా ఆవిడ తమ్ముడి చేతుల వైపు చూస్తూ నిలబడింది.

వాడు లోపలి జేబులోంచి ఇస్త్రీపెట్టె కింది నోట్లు తీశాడు. నిలువుగా మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. రద్దీ బస్సులో కూడా తడబడని చెయ్యి అది.

"పోవడానికి ఇద్దరం. రావడానికి ముగ్గురికి కొట్టండి," అన్నాడు. "అమ్మకి కిటికీ పక్కది. గాలి తగలకపోతే కడుపులో తిప్పుతుంది ఆవిడకి."

"విమానంలో కిటికీ తెరుచుకోదు సార్."

"తెరుచుకోకపోయినా సరే."

బయటికొచ్చాక మా ఆవిడ ఫోను తీసి నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపు విని సంచీలో పడేసింది.

బావమరిది టికెట్లు చూస్తూ నడుస్తున్నాడు. అత్తగారి కాగితం పైకి వచ్చింది. పేరు చదివాడు. అలవాటు చొప్పున బొటనవేలి గోరు కాగితం అంచు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఎక్కాక," అన్నాడు.

కాగితాన్ని మడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.