గోడకు తిరిగినవాళ్లు

పాలవాడికి రెండు రోజులు వద్దని చెప్పాలి, ఆఫీసుకు సెలవు పెట్టాలి, అమ్మ మందులు ఏ పూటవి ఆ పూటకు విడదీసి వదినకు అప్పజెప్పాలి, సముద్రం ఫొటో, బయటి మేడమెట్ల ఫొటో, పెద్ద హాలు ఫొటో తీసుకురావాలి, అన్నీ అయ్యాయి, హాలు ఒక్కటే మిగిలింది అనుకుంటూ టికెట్టు చింపించుకుని లోపలికి నడిచాను, ఒకప్పుడు కలిగినవాళ్లు గాలి మార్పుకు వచ్చి దిగే హోటలట ఇది, ఇప్పుడు చూసిపోయే కట్టడం, పెళ్లికి ముందు అమ్మ ఇక్కడ పక్కబట్టలు మార్చే పని చేసింది, అంతకుమించి ఈ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, పాత చోట్ల ఫొటోలు చూపిస్తే మాట్లాడతారేమో చూడండి అన్నాడు డాక్టరు, ఎక్కువ రోజులు లేవని కూడా అన్నాడు, ఆ మాట మాత్రం కిటికీవైపు చూస్తూ అన్నాడు.

మాట్లాడకపోతే పోనీ, మొహమైనా చూపించదు, నేను ఆస్పత్రి గది గుమ్మం దాకా వచ్చానంటే చాలు మంచం మీద గోడవైపు తిరిగిపోతుంది, వదిన వస్తే బుద్ధిగా ఇటు తిరిగి పాలు తాగుతుంది, ఊడ్చే ఆయమ్మతో మోకాళ్ల నొప్పుల కబుర్లు చెబుతుంది, నీ మీదే ఏదో కోపం పెట్టుకుందమ్మాయ్, ఏం చేశావేంటి, అంటుంది వదిన సగం నవ్వుతూ, ఏం చేశాను, చదువుకోమన్నావు చదివాను, ఉద్యోగం చెయ్యమన్నావు చేస్తున్నాను, మన ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటి పిల్లనని వీధంతా చెప్పుకున్నావు, ఇప్పుడేమిటే అమ్మా ఈ పంతం, అని ఆ వీపుతో మాట్లాడి మాట్లాడి నా గొంతు పోయింది.

సీజను కాదు కాబట్టి జనం లేరు, బయట పొగమంచు కమ్మి ఇప్పుడు సముద్రం కనపడటం లేదు, చప్పుడు మాత్రం గోడల్లోంచి వస్తోంది, ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు, రండి రండి, భయపడేవాళ్లు నా వెనక, భయపడనివాళ్లు నా ముందు, అంటూ గైడు మమ్మల్ని కిటికీల్లేని పొడవాటి వరండాలోకి దింపాడు, గోడ మీద తలల ఎత్తులో అరచేయంత మరకలు, ఒకదాని పక్కన ఒకటి, చివరిదాకా, ఎన్నిసార్లు రంగేసినా నాలుగు వానలకి మళ్లీ పైకి తేలతాయండీ, ఇంజనీర్లు చెమ్మ అంటారు, చెమ్మ ఇంత వరసగా వస్తుందా మీరే చెప్పండి అన్నాడు, మరేంటండీ అవి అని ఒక పెద్దావిడ అడిగింది, నుదుళ్లమ్మా, పనివాళ్ల మొహాలు దొరలకి కనపడకూడదు, బూట్ల చప్పుడు వినపడగానే చేతిలో ఏమున్నా సరే గోడకి తిరిగి నుదురు ఆనించాలి, వాళ్లు దాటిపోకముందే ఇటు తిరిగారా, ఆ పూటే పని ఊడింది, అబ్బ, ఈ రూలేదో కోడళ్లకి పెట్టాలి అంది పెద్దావిడ, ముందు మీ అబ్బాయికి పెట్టండత్తయ్యా అంది వెంట ఉన్న కోడలు, అందరూ నవ్వుకుంటూ హాల్లోకి వెళ్లిపోయారు.

నేను ఆగాను, ఎదురుగా ఉన్న మరక సరిగ్గా నా నుదుటి ఎత్తులో ఉంది, నాదీ అమ్మదీ ఒకటే పొడుగు, ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని నుదురు ఆనించాను, చల్లగా ఉంటుందనుకున్నాను, వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో తల తీసినట్టు, వెనకాల వరండా మొదట్లో బూట్ల చప్పుడు, గైడే అయ్యుంటాడు, తిరగబోయాను, మెడ తిరగలేదు, నా మెడే, నా మాట వినలేదు, చప్పుడు తొందర లేకుండా వస్తోంది, నాకు అటూ ఇటూ ఉతికిన దుప్పట్ల వాసన, బిగబట్టిన ఊపిర్లు, చాలామందివి, కుడిపక్కన ఎవరి మోచెయ్యో నా మోచేతికి తగిలి సర్దుకుంది, చప్పుడు నా వీపు వెనక ఒక్క క్షణం నిలిచింది, అమ్మా, ఎంత భయమే, పోయింది, దూరమైంది, ఆగిపోయింది, అప్పుడు అందరూ ఆ ఊపిర్లు ఒక్కసారే వదిలారు.

తిరిగి చూస్తే ఎవరూ లేరు, ఏమ్మా తప్పిపోయారా, మేమంతా ఇక్కడే, అని హాల్లోంచి గైడు కేకేశాడు, వెళ్లి అందరి కాళ్లూ చూశాను, గైడుతో సహా అందరికీ గుడ్డ తొడుగులే, నేల పాడవకుండా గుమ్మం దగ్గర తొడిగించినవి, నాకూ అవే, వీటితో ఎంత గట్టిగా నడిచినా చప్పుడు రాదు, ఫొటో తీయబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది, ఆస్పత్రిలో ఆయమ్మవి ఉత్త కాళ్లు, వదినవి రబ్బరు చెప్పులు, నేనేమో ఆఫీసు నుంచి నేరుగా, గట్టి మడమల బూట్లతో, ఆస్పత్రి వరండా పొడవునా టకటకమంటూ, కోపం కాదు, పంతమూ కాదు, అమ్మ ఇప్పుడు ఉన్నది ఆస్పత్రిలో కాదు, ఇక్కడ, నా పక్కన, వస్తున్నది కూతురని తెలియదు ఆవిడకు, ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారనుకుని నాకు దారి వదులుతోంది.

రేపు బూట్లు మెట్ల కిందే విడిచి వెళ్తాను, ఇటు తిరుగుతుందో లేదో, అసలు అంతదాకా ఉంటుందో లేదో, మీరెప్పుడైనా సముద్రం చూడటానికి ఇలాంటి ఊరికి వెళితే మా అమ్మను ఒక్కసారి తలుచుకోండి, వీపుతో కాదు, మొహంతో, గుండ్రటి మొహం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, నవ్వు వస్తే ముందు కళ్లకు వస్తుంది, నోటిదాకా రావడానికి కొంచెం సేపు పడుతుంది, అంతదాకా ఆగండి.