తాడుకి మిగిలిన బెండు

ఆ రోజు పోలారావు మాట విని పడవ తిప్పేసి ఉంటే గోవిందు ఇవాళ లేడు. మొహమాటం లేకుండా అదే రాస్తున్నాను. పోలారావు కూడా కాదనడు.

తొంభైతొమ్మిది తుపాను తరవాత మా అక్కుపల్లికి ఒక రక్షణ పడవ వచ్చింది. ఊరికే రాలేదు. నేను టెక్కలి వెళ్ళి సర్కారు ఆఫీసు మెట్ల మీద పదకొండు రోజులు కూర్చుంటే వచ్చింది. ఇంజను, తాళ్ళు, పన్నెండు లైఫ్ జాకెట్లు. జాకెట్లు పాడైపోతాయని మా సంఘం పెద్దలు పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తాళం రాయి పెట్టి నేనే పగలగొట్టాను.

అసలు పేచీ లెక్క దగ్గర వచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్ళే మనుషుల్ని మావాళ్ళు లెక్కపెట్టరు. వేలు చూపించి లెక్కపెడితే ఆ మనిషి తిరిగి రాడని భయం. మరి పడవ బోల్తా పడితే ఎంతమందిని వెతకాలి? సరే, మనుషులొద్దు, బెండ్లు లెక్కపెడదామన్నాను. ఒడ్డున పడవకో తాడు. ఎక్కే ప్రతివాడూ వలకి కట్టే బెండు ఒకటి దానికి గుచ్చి వెళ్ళాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి. మగాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు నవ్వలేదు.

రెండువేల రెండు జూలైలో ఒక పొద్దున్న చిన్నారావు పడవ బయల్దేరి, కెరటాలు దాటుతూనే బోల్తా కొట్టింది. పోలారావు, నేను, మరో ఇద్దరు జాకెట్లు తొడుక్కుని, ఆ పడవ బెండ్ల తాడు వెంట పట్టుకుని వెళ్ళాం. ఒక్కొక్కణ్ణి పైకి లాగినప్పుడల్లా ఒక బెండు తీసి బకెట్లో వేశాను. ఐదుగురు ఎక్కారు. నలుగురు ఉప్పునీళ్ళు కక్కుతున్నారు, నోట మాట లేదు. చిన్నారావు మాత్రం తన పడవలో ఐదుగురేనని, అందరూ వచ్చేశారని చెప్పాడు.

తాడుకి ఇంకో బెండుంది.

మా పడవ నడిపేది పోలారావు. గాలి పెరుగుతోంది. ఎక్కించినవాళ్ళలో ఒకడికి ఊపిరి సరిగ్గా ఆడటం లేదు.

"పిల్లలు ఆడుకుంటూ గుచ్చీసుంటారు. నీ బెండు కోసం ఈ ఐదుగుర్నీ సంపీమంటావేటి?" అన్నాడు పోలారావు.

అందులో నిజముంది. అదే కష్టం.

"ఇంజను ఆపు మావా. రెండు నిమిషాలు. ఎవడూ మాటాడొద్దు," అన్నాను.

అదీ మేం పెట్టుకున్న నియమమే. తిరిగొచ్చే ముందు ఇంజను ఆపి చెవి పెట్టాలి. తిట్టుకుంటూనే ఆపాడు.

మొదట కెరటాల హోరే. తరవాత, బోల్తాపడ్డ పడవ లోపల్నుంచి టక్, టక్.

జాకెట్‌తో పడవ కిందికి దూరలేం, అది పైకి తేల్చేస్తుంది. పోలారావే జాకెట్ విప్పాడు. నడుముకి తాడు కట్టించుకుని, ముడి రెండుసార్లు లాగి చూసుకుని దూకాడు. రెండో కొస మేం ముగ్గురం పట్టుకున్నాం. మళ్ళీ తేలేసరికి చేతుల్లో గోవిందున్నాడు, కాళ్ళకి వల చుట్టుకుని. పడవ కింద చిక్కుకున్న కాస్త గాలితో బతికాడు. కదిలిన పడవ వెనక పరిగెత్తి ఆఖర్న ఎక్కాడట. ముందున్న చిన్నారావు చూడనేలేదు.

అంత తొందరలోనూ బెండు గుచ్చే ఎక్కాడు. గుచ్చకపోతే కూడు పెట్టనని పెళ్ళాం రత్నాలమ్మ రోజూ బెదిరిస్తుందట. కబురు విని పరిగెత్తుకొచ్చి, మేం వచ్చేసరికి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది.

పోలారావు దిగి, ఎన్నడూ లేనిది, వేలు చూపించి పైకే లెక్కపెట్టాడు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు... ఆరుగురు. ఒడ్డున ఎవరూ అడ్డం చెప్పలేదు.

రత్నాలమ్మ మొగుడి చెయ్యి వదల్లేదు.

"ఇంకోపాలి లెక్కెట్టు మావా," అంది.

లెక్కపెట్టాడు.