ఆదివారం లేని ప్రోగ్రాం

బీటెక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు వైవా రోజున కాలేజీ పెళ్లివారిల్లులా ఉంటుంది. ఆ ఉదయం కంప్యూటర్ సైన్సు విభాగంలో అబ్బాయిలు టైలు సరిచేసుకుంటున్నారు, అమ్మాయిలు చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నారు. బల్ల మీద నల్లటి అట్టలకు బంగారు రంగు అక్షరాలతో పన్నెండు ప్రాజెక్టు పుస్తకాలు వరుసగా ఉన్నాయి. చూస్తే ముచ్చటేస్తుంది. వాటిలో పదకొండు తణుకులో హరిబాబు నడిపే ప్రాజెక్టు సెంటరులో తయారుగా కొనుక్కొచ్చినవని ఆ గదిలో అందరికీ తెలుసు. తెలిసినట్టు మాత్రం ఎవరూ అనరు.

లెక్చరర్ ఉదయభాస్కర్‌కు అనుమానమంతా ఆ పన్నెండో పుస్తకం మీదే.

అది వినీలది. మొగల్తూరు దగ్గరి పల్లె నుంచి వస్తుంది. తల్లి ప్రసన్నకుమారి వరి ఊడ్పులకు వెళ్లే ఆడకూలీల ముఠాకు పెద్ద. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. నాలుగింటి బస్సు కోసం ల్యాబ్ నుంచి అందరికంటే ముందే వెళ్లిపోతుంది. అలాంటి పిల్ల తెచ్చిన ప్రోగ్రాం నడుస్తోంది! ఏ రైతు ఆకుమడిలో నారు ఎన్నాళ్లదైందో చూసి, ఏ ముఠా ఏ రోజు ఎవరి చేలోకి దిగాలో పట్టిక వేసి చూపిస్తోంది. పదిహేనేళ్ల సర్వీసులో ఒక విద్యార్థి సొంతంగా రాసిన ప్రోగ్రాం నడవగా అతను చూడలేదు. అందుకని ఇది సొంతం కాదని తేల్చేసుకున్నాడు.

పైగా పదిహేను రోజుల కిందట ఆ అమ్మాయి హరిబాబు సెంటరు మెట్లు దిగుతుంటే కళ్లారా చూశాడు. ఆ వేళ తనెందుకు అదే మెట్లెక్కుతున్నాడో మాత్రం అతను ఆలోచించలేదు. ఈ ఏడాది ఎవరికి ఏ ప్రాజెక్టు ఇస్తున్నారో కనుక్కోవడానికి వెళ్లాడు. ఒకటే ప్రాజెక్టు ఇద్దరికి పడితే కాలేజీ పరువేం కాను? పాఠకులారా, నవ్వకండి. ఇలాంటి జాగ్రత్తలు మనమంతా ఏదో ఒకచోట తీసుకుంటున్నవాళ్లమే.

వినీల స్నేహితురాలు సారికను పిలిచి వాకబు కూడా చేశాడు.

"ఏమో సార్. లంచ్‌లో ఎవరితోనూ కూర్చోదండి. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటా ఉంటది. ఏంటే అది అంటే మూసేస్తదండి" అంది సారిక.

మూసేస్తోందంటే దాచాల్సిందేదో ఉందన్నమాటే. అతనికి ఇంక సందేహం లేకపోయింది.

వైవాకు పరీక్షాధికారిగా రాజమండ్రి నుంచి ప్రొఫెసర్ మాణిక్యాంబ గారు వచ్చారు. వినీల వంతు రాగానే ఉదయభాస్కర్ అందుకున్నాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనండి."

"మరి హరిబాబు దగ్గరికి ఎందుకెళ్లావు?"

"ప్రింట్లకి సార్. బైండింగు కూడా అక్కడే చేస్తారు కదండి."

"చూడమ్మా, అబద్ధమని తేలితే డీబార్ చేయిస్తాను. ఏడాది పోతుంది." అతను తెర మీది పట్టిక చూపించాడు. "జూలైలో ప్రతి ఆదివారమూ ఖాళీ. ఆకు ముదిరిపోతున్నా ఆ రోజు ఒక్క ముఠానీ దింపలేదు. ఇంత పెద్ద తప్పు రాసినవాళ్లకు కనిపించదా? కొన్నావు కాబట్టే కనిపించలేదు."

వినీల పట్టికలో ఆదివారం గడి మీద వేలు పెట్టింది.

"తప్పు కాదు సార్. ఆదివారం అమ్మావాళ్లు చర్చికి వెళ్తారండి. ఆ రోజు చేలో దిగరు. రైతులకీ తెలుసండి, అడగరు. అలాగే మా ఊరి రైతు అచ్చిబాబు గారి చేలో మంగళవారం ఊడ్పు మొదలెట్టనివ్వరండి. అదీ పెట్టాను చూడండి."

మాణిక్యాంబ గారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"సరేనమ్మా. పక్క ఊరి ముఠా ఒకటి ఆదివారం కూడా వస్తుందనుకో. మార్చగలవా?"

వినీల కూర్చుంది. మార్చి నడిపితే ప్రోగ్రాం మొదటిసారి తప్పు చూపించింది. సంచిలోంచి నోట్‌బుక్ తీసి పేజీలు తిప్పింది. పెన్నుతో రాసిన వరుసలు, కొట్టివేతలు, మళ్లీ రాతలు. లంచ్‌లో అందులో రాసుకుని, ఖాళీ పీరియడ్లలో ల్యాబ్‌లో ఎక్కించేదట. రెండు వరుసలు మార్చేసరికి ఆ ఒక్క ముఠాకు ఆదివారం పని పడింది.

"ఆ పుస్తకం ఎవరికీ చూపించవటగా?" అన్నాడు ఉదయభాస్కర్, ఓటమి ఒప్పుకోలేక.

"అన్నీ తప్పులేనండి. నవ్వుతారని."

అతను తలవంచుకుని, తరవాతివాళ్లను రమ్మన్నాడు. మాణిక్యాంబ గారు ఆపారు.

"ఈ అమ్మాయిని అడిగినట్టే అందరినీ అడుగుదామండి. ఒక్క చిన్న మార్పు. అంతే."

తరవాత వచ్చిన విజయ్ పాల్ తన ప్రోగ్రాం ఎక్కడ మొదలవుతుందో వెతకలేకపోయాడు. సారిక తెర వంక చూస్తూ ఏడ్చేసింది. మధ్యాహ్నానికి పదకొండు మందీ అయిపోయారు. ఒక్కరూ ఒక్క వరుసా మార్చలేదు.

మాణిక్యాంబ గారు పుస్తకాలు దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే మొదటి పేజీ తెరిచారు. 'ఈ పని విద్యార్థి స్వయంగా చేసినదని ధ్రువీకరిస్తున్నాను.' కింద ఉదయభాస్కర్ సంతకం. పదకొండింటిలోనూ ఉంది. వినీల పుస్తకంలో ఆ చోటు ఖాళీగా ఉంది. అనుమానం తీరాక పెడదామని ఆగాడు మరి.

అతని ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. పెన్ను తీసి వినీల పుస్తకంలో సంతకం పెట్టాడు. మిగతా పదకొండింటిలో తన సంతకాలు కొట్టేశాడు.

"వీళ్లకి నెల రోజులు గడువిప్పించండి మేడమ్. ఎంత చిన్నదైనా సరే, నా ఎదుట కూర్చుని రాస్తారు. ఏదోలా గట్టెక్కుతారు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నానండి."

"ఇప్పిస్తాను" అన్నారు ఆవిడ. "ఆ పిల్లని అనుమానించినందుకు మిమ్మల్ని తప్పుపట్టనండి, మిగతావాళ్లని అనుమానించనందుకే నా బాధ. అంతా కొనుక్కొచ్చే చోట సొంతంగా కష్టపడ్డవాళ్లే దొంగల్లా కనిపిస్తారు. వీళ్లకి కొనుక్కోవడం నేర్పింది హరిబాబు కాదు మాస్టారూ, చదవకుండా మనం పెట్టిన సంతకం."