అరుపుల్లేని షాట్

"ఈ ఒక్క షాట్‌కి నేను కూడా నోరు మూసుకుని కూర్చోవాలట!" అని దర్శకుడు ఒరెస్తే చేతులెత్తేసేసరికి అందరూ గొల్లుమన్నారు. హీరో ఫుల్వియో మాత్రం నవ్వలేదు. ఇనుప కవచం లోపల అతని ఒంటిమీది చెమట ఒక్కసారిగా చల్లబడింది.

రోమ్ అవతలి పొలాల్లో, ప్లాస్టర్‌తో కట్టిన కోట ముందు మూడు వారాలుగా ఆ సినిమా తీస్తున్నారు. తీస్తున్నారనడం కన్నా దాని వెంట పరిగెడుతున్నారనడం నయం. రాత్రి వానకి ఒక బురుజు నానిపోయి పక్కకి ఒరిగింది. సైనికుల వేషాల్లో ఉన్న ఊరివాళ్లు డాళ్లని పళ్లేలు చేసుకుని రొట్టె, జున్ను తింటున్నారు. కథ మార్చారని రాణి వేషం వేస్తున్నావిడ అలిగి కారెక్కి కూర్చుంది. పొగ యంత్రం దాని ఇష్టమొచ్చినప్పుడు మొదలవుతోంది, ఇష్టమొచ్చినప్పుడు ఆగిపోతోంది. ఇంత గోలలోకి మ్యూనిక్ నుంచి ఒక సౌండు మనిషి దిగాడు. సినిమాలో సగం డబ్బు జర్మన్లది. పోరాటం సీన్‌లో గుర్రాల డెక్కల చప్పుడు, మనుషుల ఊపిరి అసలైనవే కావాలని వాళ్ల పట్టు.

అక్కడి సినిమాల్లో మాటలన్నీ తర్వాత స్టూడియోలో వేరేవాళ్ల గొంతుతో అతికిస్తారు. కెమెరా తిరుగుతున్నంతసేపూ దర్శకుడు గొంతు చించుకుని అరుస్తూనే ఉంటాడు. ఫుల్వియో సొంత గొంతు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తెరమీద వినపడలేదు. అందుకతను ఏనాడూ బాధపడలేదు. మొహం తనది, అది చాలు.

కానీ ఆ మొహంలోని కళ్లు రెండు బారలు దాటితే పనిచేయవు. అవతలంతా నీళ్లలో కలిసిపోయిన రంగులే. "ఎడమకి! బల్లెం దించు! ఇంకొంచెం! పొడిచెయ్!" అన్న ఒరెస్తే అరుపులే అతనికి దారి చూపిస్తూ వచ్చాయి. తను ఒక మనిషికి కళ్లుగా పనిచేస్తున్నానని ఒరెస్తేకే తెలియదు. పోయిన వారం రిహార్సల్లో ఒరెస్తేకి దగ్గు తెర వచ్చి అరుపు ఆగింది. ఆ క్షణంలోనే ఫుల్వియో బల్లెం డాలు మీంచి జారి, ఎదుటి రౌతు గవీనో గడ్డం కింద చీల్చింది. "నా గుర్రమే బెదిరింది" అన్నాడు గవీనో, నెత్తురు అరచేత్తో అదిమిపట్టుకుని. ఫుల్వియో ఆ మాటని కాదనలేదు.

మేకప్ డేరాలో ముసలి ఎర్సీలియా అతని కనుబొమ్మలు దిద్దుతోంది. అతని కళ్లజోడు ఆవిడ పౌడరు పెట్టెలో అడుగున ఉంటుంది. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

"చెప్పెయ్ నాయనా. కళ్లజోడు పెట్టుకోవడం దొంగతనమా ఏమన్నానా?"

"నలభై ఎనిమిదేళ్ల ప్రేమికుడు కళ్లజోడు పెట్టుకుంటే ఎవరు చూస్తారు ఎర్సీలియా?"

"యాభై మూడు."

"నలభై ఎనిమిది. ఎడమ కనుబొమ్మ సరిగ్గా లేదు."

"అది బానే ఉంది. పోనీ డూప్‌ని పెట్టమను."

"డూప్‌ని పెడితే శిరస్త్రాణం రేకు దించి మొహం కప్పాలి. ఈ సినిమా అంతా రేకు ఎత్తే ఉంచాలని షరతు పెట్టింది నేనే కదా!"

ఆవిడ కుంచె ఆగింది. "సార్డీనియా నుంచొచ్చిన ఆ గవీనోకి పెళ్లాం ఉంది బాబూ" అని మాత్రం అంది.

బయటికి రాగానే గవీనో ఎదురొచ్చాడు. గడ్డం కింద కట్టు తెల్లగా ఉంది. ప్రభుత్వం ఫుల్వియోకి 'కవలియేరే', అంటే వీరుడు అన్న బిరుదు ఇచ్చింది. ఆ బిరుదుతో పిలవకపోతే అతను పలకడు.

"కవలియేరే, ఇవాళ కూడా గడ్డం కిందేనా?"

"నువ్వు నిటారుగా కూర్చో, చాలు."

"కూర్చుంటాను. మీరు డాలు మీద పొడవండి. మా ఆవిడకి ఈ మొహమే అలవాటైపోయింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. 'నీకు కళ్లు కనపడవా?' అని వీడు అడిగితే బాగుండునని ఫుల్వియోకి అనిపించింది. అడిగితే కోప్పడొచ్చు, అవమానం జరిగిందని వెళ్లిపోవచ్చు. గవీనో అడగలేదు. కళ్లెం సర్దుకుంటూ ఎండలో కలిసిపోయాడు.

సౌండు మనిషి చెయ్యెత్తాడు. పొలమంతా నిశ్శబ్దం అయిపోయింది. జెండా ఊగింది. గుర్రం కదిలింది.

అరుపు లేదు. తన ఊపిరి, ఇనుము రాపిడి, డెక్కల చప్పుడు. ఎదురుగా బూడిదరంగు ముద్ద ఒకటి పెద్దదవుతోంది. పాడు పొగ యంత్రం అప్పుడే మొదలైనట్టుంది, ఒక ముద్ద రెండయింది. ఏది పొగ, ఏది మనిషి? బల్లెం ఎత్తాలా, దించాలా? పొరపాటు జరిగితే ప్రమాదం అంటారు. ఎవరూ తనని అనరు. తననే ఓదారుస్తారు. ఆ ఓదార్పు అందుకోవడానికి మొహం ఎలా పెట్టాలో తను అప్పుడే ఆలోచిస్తున్నాడని ఫుల్వియోకి తెలిసింది. కనుబొమ్మలు కాస్త దగ్గరికి, పెదవి బిగించి. తన మీద తనకే రోత పుట్టింది.

"తప్పుకో గవీనో! నాకు కనపడటం లేదు! నాకు కనపడటం లేదు!"

బల్లెం వదిలేశాడు. పక్కనుంచి ఒక గుర్రం గాలిలా దూసుకుపోయింది.

చప్పట్లు మొదలయ్యాయి. ఒరెస్తే బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఓరి దేవుడా! శత్రువుని చూసి గుడ్డివాడైపోయిన వీరుడు! స్క్రిప్టులో ఎక్కడుందయ్యా ఇది? ఆ గొంతు! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు ఆ గొంతుని? పాత్ర పేరు బదులు గవీనో అన్నావు, వదిలెయ్, తర్వాత మార్చుకుందాం. ఇంకొక్కసారి! అలాగే కేకపెట్టు, కానీ బల్లెం వదలకు, పొడిచెయ్!"

జర్మన్ సౌండు మనిషి బొటనవేలు పైకెత్తి చూపించాడు. గొంతు బాగుందని ఎవరైనా అనడం ఫుల్వియోకి ఇదే మొదలు. అతని పెదాల మీదికి నవ్వు దానంతటదే వచ్చి కూర్చుంది.

"అప్పటికప్పుడు తట్టింది" అన్నాడు.

గవీనో గుర్రం దిగి వచ్చాడు. ముద్దలాగా వచ్చి, దగ్గరికొచ్చాక మనిషయ్యాడు.

"అప్పటికప్పుడు తట్టిందా, కవలియేరే?"

జవాబు కోసం ఆగలేదు. తన చోటికి నడిచాడు. నడుస్తూ నడుస్తూ మళ్లీ ముద్దయిపోయాడు. ఆ ముద్ద గుర్రమెక్కి, ఈసారి కూడా ఎదురు రావడానికి సిద్ధపడింది.

ఫుల్వియో శిరస్త్రాణం తీశాడు. "ఎర్సీలియా! నీ పెట్టె ఇలా పట్రా."

ఆవిడ పెట్టె తెరిచి కళ్లజోడు తీసిచ్చింది. అందరి ముందూ పెట్టుకున్నాడు.

"అరె, అచ్చం మా బడిపంతులే!" అన్నాడొక సైనికుడు. నవ్వులు డాళ్ల మధ్య పాకిపోయాయి. ఎన్నో ఏళ్లుగా అతను భయపడిన నవ్వులు ఇవే. అనుకున్నంత పెద్దగా లేవు, కానీ గుచ్చుకున్నాయి.

"వెయ్యేళ్ల నాటి కథలో కళ్లజోడేమిటయ్యా?" ఒరెస్తే నెత్తి బాదుకున్నాడు.

"రేకు దించుతాను."

"మరి నీ మొహం?"

ఫుల్వియో శిరస్త్రాణం తొడుక్కున్నాడు. కళ్లజోడు కాడలు కణతలకి నొక్కుకుపోయాయి. రేకు దించుకున్నాడు. సన్నటి చీలికలోంచి పొలం గీతలు గీతలుగా కనిపించింది. గవీనో డాలు మీద ఉన్నది సింహమని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అది కోడిపుంజు, అదీ వంకరగా గీసింది. ఆ డాలు వెనక గవీనో గుండెల మీద సిలువ గీసుకున్నాడు. పోయిన వారమూ గీసుకునే ఉంటాడు. ఇందాకా గీసుకునే ఉంటాడు.

జెండా ఊగింది. కోడిపుంజు రెక్క మీదికి గురిపెట్టి, ఫుల్వియో గుర్రాన్ని అదిలించాడు.