పోలిక లేని మొక్క

జ్వరం పూర్తిగా తగ్గకముందే ఆమె పనిలోకి వచ్చింది. గాజుగది తలుపు తీసి, కిటికీ వైపు చివరి వరుస దాకా నడిచి అక్కడే ఆగిపోయింది. అంచులు మాడి వేలాడుతున్న ఆవ మొక్కల మధ్య ఒక కుండీ, పన్ను ఊడిన చోటులా బోసిగా ఉంది. మట్టిలో వేళ్ళు దిగిన గుర్తు ఇంకా చెరగలేదు.

ఎవరు పీకారని అడగక్కర్లేదు. ఆ గదిలో మొక్క పీకే అధికారం ఒక్కరిదే. ఆమె వదినది.

ఆ పరిశోధనా కేంద్రంలో మొక్కల విభాగానికి వదిన పెద్ద. ఆమె వదిన కింద పనిచేస్తుంది. చెప్పుకుంటే పని చిన్నదే. ఆవాలు విత్తాలి, ఉప్పు కలిపిన నీళ్ళు పోయాలి, చచ్చినవి చావగా మిగిలిన వాటి విత్తనం దాచి మళ్ళీ విత్తాలి. ఈసారి ఉప్పు ఇంకాస్త ఎక్కువ. అలా తరం మీద తరం. చవిటి నేలని లెక్కచెయ్యని మొక్క ఎప్పటికైనా ఒకటి పుట్టకపోతుందా అని ఆశ.

పుట్టింది. ఈ తరంలోనే పుట్టింది. తోటివన్నీ ఉప్పుకి సోలిపోతుంటే అదొక్కటే దళసరి ఆకులతో, బూడిద పూసినట్టున్న రంగుతో, పొట్టిగా, మొండిగా కూర్చుంది. చూడ్డానికి అందం లేదు. ఆమె దాన్ని బొద్దమ్మ అని పిలుచుకునేది. జ్వరంలో కూడా దాని గురించే కలవరించిందని అన్నయ్య నవ్వాడు.

లోపలి గదిలో వదిన బల్ల దగ్గర కూర్చుని ఉంది. కిటికీ పక్కన మొక్క ఏదని ఆమె అడిగితే తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"కల్తీ అది. ఎక్కడి విత్తనమో వచ్చి కలిసుంటుంది. మొగ్గ విచ్చితే దాని పుప్పొడి అన్నిటికీ అంటుకుంటుందని ముందే తీసేశాను. దాని తల్లి ఆకు నాకు కళ్ళకి కట్టినట్టుంది. అమ్మమ్మ ఆకూ ఉంది. దానికి ఎవరి పోలికా లేదు."

"పోలిక లేనిదాని కోసమే కదా వదినా ఇన్నేళ్ళూ ఉప్పునీళ్ళు మోశాం?"

వదిన అప్పుడు తలెత్తింది. చెవి వెనక మచ్చ మీదికి జుట్టు లాక్కుంది.

ఆ మచ్చ కింద, పుర్రె లోపల గోరంత చిప్ ఉంది. మెదడువాపు వచ్చి తగ్గాక వదినకి ఏదీ నిలిచేది కాదు. పొయ్యి వెలిగించి మర్చిపోయేది. ఎదురుగా కూర్చున్న ఆడపడుచుని మీరెవరమ్మా అని మర్యాదగా పలకరించేది. అప్పట్లో కొత్తగా వస్తున్న ఆ చిప్ పెట్టాక చూసిన ఆకు చూసినట్టు, విన్న మాట విన్నట్టు ఉండిపోసాగింది. పెద్ద డైరెక్టరు మురిసిపోయి, ఈవిడ బుర్ర ఉండగా ఇంక చీటీలు దేనికని కుండీలకి కట్టినవన్నీ తీయించేశాడు. అందుకే బొద్దమ్మ మెడలో చీటీ లేదు.

ఇంట్లో అన్నయ్య పరిస్థితి వేరే. అతను బస్సు నడుపుతాడు. ప్రయాణికులు దిగితే వాళ్ళ తిట్లు కూడా దిగిపోతాయి, మీ వదిన దగ్గర ఏ మాటా దిగదు అంటాడు. అందుకని గుమ్మంలోకి రాగానే నోటికి తాళం వేసుకుంటాడు.

"దాన్ని ఉంచమని నీకు చెప్పాను," అంది ఆమె.

"చెప్పలేదు. ఈ గుమ్మం దగ్గర నిలబడి, 'భలే ఉంది కదా వదినా, ఎవరికీ లొంగేలా లేదు' అన్నావు. నేను 'చూద్దాం' అన్నాను. ఉంచమన్న మాట నీ నోట్లోంచి రాలేదు."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆమె అన్నది అంతే. ఆ మాట అంటున్నప్పుడు తన మొహం ఎలా వెలిగిందో కూడా వదినకి గుర్తుండే ఉంటుంది. ఉండి ఏం లాభం? జబ్బు చెయ్యకముందు వదిన వింత మొక్క కనబడితే నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వేది. ఇదెవరి కడుపున పుట్టిందే అమ్మాయ్ అని, కాయ ఎండేదాకా దాని జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు.

ఆమె పెరట్లోకి వెళ్ళి చెత్తడ్రమ్ము బోర్లించింది. బొద్దమ్మ అడుగున దొరికింది. వేరు నల్లబడింది, ఆకులు చేతిలో జారిపోతున్నాయి. విచ్చని మొగ్గలు గోటితో చీల్చి చూసింది. విత్తనం అన్న ఊసే లేదు. మొక్కని అలాగే తెచ్చి వదిన కాగితాల మీద పడేసింది. బురద చిందింది.

నాలుక చివర ఒక మాట నిలబడి ఉంది. ఇంకెవరితోనైనా అనేసి, నాలుగు రోజులు ముఖాలు ముడుచుకుని, ఆ తర్వాత కలిసి కాఫీ తాగొచ్చు. వదినతో అలా కుదరదు. అన్న మాట ఎప్పటికీ అప్పుడే అన్నంత పచ్చిగా ఉంటుంది. ఆమెకి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే అంది.

"నేనెవరో తెలియని రోజుల్లోనే నువ్వు నాకు వదినలా ఉన్నావు."

వదిన ఒక ఆకు మీది బురద బొటనవేలితో తుడిచింది.

"ఈ మాట ఇంక పోదు. నీకు తెలుసుగా."

"తెలుసు. ఉండనీ."

మధ్యాహ్నం వదిన లేచి, విత్తనాలు దాచే ఫ్రిజ్‌లో కింది అర లాగి, దాని తల్లి మొక్క విత్తనం ఇంకో గుప్పెడు ఉందని చెప్పింది. అలాంటిది మళ్ళీ పుడుతుందని మాత్రం చెప్పలేనంది. ఆ గుప్పెడూ తీసుకుని ఆమె కృతజ్ఞత లేకుండా గాజుగదిలోకి వెళ్ళింది. పాత మట్టి గుమ్మరించి, కుండీలు కడిగి, గింజలు నాటుతూ పళ్ళు నూరుతూనే ఉంది.

వదిన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావడానికి చెప్పులు విప్పబోయింది.

"నేను పిలిచేదాకా రాకు."

"ఎప్పుడు పిలుస్తావు?"

"కాయ ఎండాక."

వదిన చెప్పుల్లో మళ్ళీ కాళ్ళు పెట్టుకుంది. ఆమె వెనక్కి తిరగలేదు. ఉప్పునీళ్ళలో చెంబు ముంచి, మొదటి కుండీ మీద వంగింది.